ఏ చికిత్సకు డబ్బివ్వాలి? ఏ ఆధారంతో?

ఆరోగ్యశ్రీ మాట వస్తే మన రాజకీయ సభల్లో వినిపించేవి రెండే అంకెలు. కుటుంబానికి ఏడాదికి ఎన్ని లక్షల వరకు అన్నది ఒకటి, ఎన్ని జబ్బులకు అన్నది రెండోది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ మొదటి అంకెను 25 లక్షలకు పెంచింది. అదే నెలలో తెలంగాణ 10 లక్షలు చేసింది. రెండో అంకె ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి 3,257. తెలంగాణలో 2024లో 163 చికిత్సలు కలిపాక 1,835. ఫలానా చికిత్స ఈ జాబితాలోకి ఎందుకు వచ్చింది, ఇంకొకటి ఎందుకు రాలేదు, వచ్చింది ఏ ఆధారం చూసి వచ్చింది అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

అందరి డబ్బూ ఒకచోట పోగేసి కొందరి వైద్యానికి ఖర్చుపెట్టే ఏ ఏర్పాటుకైనా, అది ప్రభుత్వ ట్రస్టయినా బీమా కంపెనీ అయినా, ఈ ప్రశ్న తప్పదు. ఒక చికిత్సకు సరే అంటే ఆ సొమ్ము ఇంకోదానికి మిగలదు. గత డెబ్బై ఏళ్లలో దేశదేశాలు దీన్ని రకరకాలుగా తేల్చుకున్నాయి. కొన్నిచోట్ల గట్టి దెబ్బలే తిన్నాయి. ఆ అనుభవాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. చికిత్సకు డబ్బివ్వాలా వద్దా అన్నది పైకి ఒకే ప్రశ్నలా ఉంటుంది గానీ అందులో నాలుగున్నాయి. ఇది పనిచేస్తుందా? మన ఆస్పత్రుల్లో, మన జనంలో ఎలా అమలవుతోంది? పెట్టే డబ్బుకు తగ్గ ఫలితం ఉందా? రోగి దీన్ని నిజంగా వాడుకోగలడా? ఒక్కో ప్రశ్నకు ఒక్కో రకం ఆధారం కావాలి. ఒకదానికి పనికొచ్చే ఆధారంతో మరోదానికి జవాబు చెప్పబోయిన చోటల్లా తప్పులు జరిగాయి.

మద్రాసులో తేలినది

మొదటి ప్రశ్నకు ఇప్పటికీ మేలైన సాధనం యాదృచ్ఛిక పరీక్ష. రోగులను చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కొత్త చికిత్స, రెండోదానికి పాతది ఇచ్చి పోలుస్తారు. ఎవరికి ఏది అన్నది డాక్టరు ఇష్టాన్ని బట్టి ఉండదు కాబట్టి, కాస్త బలంగా ఉన్న రోగులంతా ఒకే గుంపులో చేరిపోయి ఫలితాన్ని తారుమారు చేసే ప్రమాదం తప్పుతుంది. బ్రిటన్‌లో క్షయకు స్ట్రెప్టోమైసిన్‌ను ఇలాగే పరీక్షించి, 1948లో ఫలితాలు ప్రచురించి దారి చూపారు.

ఈ పద్ధతి సత్తా తెలుసుకోవడానికి అంత దూరం పోనక్కర్లేదు. ఆ రోజుల్లో క్షయ అంటే శానిటోరియమే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం, మద్రాసు పక్కన తాంబరం. మంచాలు కొన్నే, రోగులు లెక్కకు మించి. 1956లో మద్రాసులోని క్షయ కీమోథెరపీ కేంద్రం 193 మంది రోగులతో పరీక్ష మొదలుపెట్టింది. సగం మందిని శానిటోరియంలో ఉంచి, సగం మందిని ఇళ్లలోనే ఉంచి, అందరికీ ఏడాది పాటు ఒకే మందులిచ్చింది. ఇరుకు ఇళ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవాళ్లకూ దాదాపు శానిటోరియంలో ఉన్నవాళ్లంత బాగానే నయమైంది. అంతటితో వదిలేయకుండా ఇంట్లో మిగతావాళ్లకు జబ్బు అంటుకుంటోందా అని ఏళ్ల తరబడి గమనించారు. అదనపు ముప్పేమీ కనబడలేదు. 1959 నుంచి వెలువడిన ఈ ఫలితాలతో శానిటోరియంల మీద పెట్టే ఖర్చుకు అర్థం లేకుండా పోయింది. పరీక్షతో పాటు కుటుంబాల పరిశీలన కూడా ఉండబట్టే ఇంటివైద్యం అన్న మాట నిలబడింది. పరీక్ష ఒక్కటే ఉంటే, ఇంట్లో పిల్లల సంగతేమిటన్న ప్రశ్నకు జవాబు ఉండేది కాదు.

పరీక్ష లేకుండా డాక్టర్ల నమ్మకం మీద నడిస్తే ఏమవుతుందో 1989లో అమెరికాలో బయటపడింది. గుండెపోటు వచ్చాక గుండె లయ తప్పుతున్నవాళ్లలో మరణాలు ఎక్కువ. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు లయను సరిచేస్తాయి. కాబట్టి ప్రాణాలు నిలబెడతాయని అందరూ అనుకున్నారు. పరీక్షిస్తే మందు వాడినవాళ్లలోనే మరణాలు రెట్టింపు దాటాయి. ఈసీజీ బాగుపడింది, రోగి పోయాడు.

కోర్టు తీర్పుతో వచ్చిన వైద్యం

ఆధారం రాకముందే డబ్బు చెల్లించడం మొదలుపెడితే ఎలా ఉంటుందో రొమ్ము క్యాన్సర్ చరిత్ర చెబుతుంది. ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు భారీ మోతాదులో కీమోథెరపీ ఇచ్చి, దానితో దెబ్బతినే ఎముక మజ్జను తిరిగి ఎక్కించే చికిత్స 1980ల చివర అమెరికాలో పాకింది. చేతిలో ఉన్నవి చిన్న చిన్న పరిశీలనలు. ఆ చికిత్సను తట్టుకోగల రోగులనే అందులోకి తీసుకునేవారు కాబట్టి ఫలితాలు మెరుగ్గా కనబడేవి. ప్రయోగదశలో ఉందంటూ బీమా కంపెనీలు నిరాకరించాయి. రోగులు కోర్టుకెక్కారు. 1993లో కాలిఫోర్నియాలో ఒక మహిళ కుటుంబానికి 8.9 కోట్ల డాలర్లు చెల్లించాలని జ్యూరీ తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత చాలా కంపెనీలు వాదన మానేసి చెల్లించాయి. కొన్ని రాష్ట్రాలు చట్టమే చేశాయి.

దాంతో పరీక్షల్లో చేరడానికి రోగులు కరువయ్యారు. బీమాతో నేరుగా దొరికే చికిత్సకు చీటీ తీయించుకునేదెవరు? 1999లో ఎట్టకేలకు ఫలితాలు వచ్చాయి. మామూలు కీమోథెరపీ కంటే ఇందులో ఒరిగిందేమీ లేదు. మేలు చూపిన దక్షిణాఫ్రికా పరీక్ష ఒక్కటీ మరుసటి ఏడాది జరిగిన తనిఖీలో మోసమని తేలింది. అప్పటికి ఇరవై వేల మందికి పైగా స్త్రీలు ఆ యాతన పడ్డారు. చికిత్స వల్లనే కొందరు చనిపోయారు. కోర్టు ముందున్నవి కన్నీళ్లు, కాంట్రాక్టు పత్రాలు. అవి నిజమైనవే, కానీ చికిత్స పనిచేస్తుందా అన్న ప్రశ్నకు అవి జవాబు కావు.

పరీక్షలో చేరితే చెల్లిస్తాం

అదే దేశంలో దాదాపు అదే కాలంలో ఇంకో దారీ దొరికింది. ఎంఫిసీమాతో ఊపిరితిత్తులు ఉబ్బిపోయినవాళ్లకు పాడైన భాగాన్ని కోసి తీసేసే ఆపరేషన్ 1990ల మధ్యలో ఊపందుకుంది. వృద్ధులకు వైద్యఖర్చు భరించే మెడికేర్ తన క్లెయిములు తిరగేసి చూస్తే, ఆపరేషన్ తర్వాత మరణాలు, ఆస్పత్రి పాలవడాలు సర్జన్లు చెబుతున్నంత తక్కువేమీ కావు. 1995 చివర్లో చెల్లింపులు ఆపేసింది. అయితే తలుపు పూర్తిగా మూయలేదు. దేశవ్యాప్తంగా ఒక యాదృచ్ఛిక పరీక్ష పెట్టి, అందులో చేరినవాళ్లకు మాత్రం ఖర్చు భరిస్తామంది. చీటీ తీసి కొందరికి ఆపరేషన్ కాదనడం అన్యాయమని చాలామంది సర్జన్లు మండిపడ్డారు.

పరీక్షలో 1,218 మంది చేరారు. 2001లోనే ఒక హెచ్చరిక వచ్చింది. ఊపిరితిత్తుల పనితీరు మరీ పడిపోయిన ఒక వర్గంలో, ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 16 శాతం మంది నెల తిరక్కుండానే చనిపోయారు. మందులతో ఉన్నవాళ్లలో ఆ నెలలో ఒక్కరూ పోలేదు. 2003లో పూర్తి ఫలితాలు వచ్చాయి. జబ్బు ప్రధానంగా ఊపిరితిత్తుల పైభాగంలో ఉండి, నడిచే శక్తి బాగా తగ్గినవాళ్లకు ఆపరేషన్ ఆయుష్షు పెంచుతోంది. మిగతావాళ్లలో ఎక్కువమందికి ఆ లాభం లేదు, కొందరికి ముప్పు. మెడికేర్ ఆ మేరకే చెల్లింపులు తెరిచింది. క్లెయిముల లెక్క అనుమానం పుట్టించింది, పరీక్ష దాన్ని తేల్చింది. వద్దని తోసిపుచ్చి ఉంటే మేలు పొందే రోగులు నష్టపోయేవారు. సరే అని ఊరుకుని ఉంటే మరికొందరి ప్రాణాలు పోయేవి.

పరీక్ష కుదరని చోట

అన్నిటికీ ఇంత పెద్ద పరీక్ష సాధ్యం కాదు. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ మొదటి రకంతో పుట్టిన పసివాళ్లలో ఎక్కువమంది ఊపిరి యంత్రం లేకుండా రెండేళ్లు దాటరు. 2017లో ప్రచురితమైన జన్యుచికిత్స అధ్యయనంలో ఉన్నది 15 మంది శిశువులే. పోల్చడానికి రెండో గుంపు లేదు. అయినా 20 నెలల వయసుకు ఆ 15 మందీ ఊపిరి యంత్రం మీద శాశ్వతంగా ఆధారపడకుండా బతికున్నారు. చికిత్స లేని పాత రోగుల రికార్డుల్లో అలా ఉన్నవాళ్లు 8 శాతం. అంతరం అంత పెద్దదైతే చీటీ అక్కర్లేదు.

బ్రిటన్‌లో ఏ చికిత్సకు ప్రభుత్వ వైద్యసేవ డబ్బివ్వాలో సిఫారసు చేసే నైస్ సంస్థ 1999లో ఏర్పడింది. దాని తొలి ఛైర్మన్ మైకేల్ రాలిన్స్ 2008లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజిషియన్స్ వేదిక మీద ఇదే వాదించారు. ఆధారాలను నిచ్చెన మెట్లలా పేర్చి, పైమెట్టు మీద ఉన్నదే నిజమని, కింది మెట్టుది పనికిరాదని యాంత్రికంగా తేల్చడం మానాలన్నారు. ఏ రకం అధ్యయనానికైనా బలం, లోపం రెండూ ఉంటాయని, వాటన్నిటినీ తూచే వివేచన నిర్ణేతలకు ఉండాలని ఆయన మాట. పరీక్షల మీద ఆధారపడే సంస్థను దాదాపు పదేళ్లుగా నడుపుతున్న మనిషి అనడంతో ఆ మాటకు బరువు వచ్చింది.

పసివాళ్ల కథకు ఇంకో ముఖం కూడా ఉంది. ఆ జన్యుచికిత్స ధర అమెరికాలో 21 లక్షల డాలర్లు, మన లెక్కలో పదహారు కోట్ల రూపాయలని పత్రికల్లో వచ్చినది అదే. 2021లో హైదరాబాద్‌లో ఒక పసివాడికి జనం విరాళాలతోనే దాన్ని తెప్పించారు. మన అరుదైన వ్యాధుల విధానం కింద ఎంపికచేసిన కేంద్రాల్లో ఒక్కో రోగికి ఇచ్చే సాయం గరిష్ఠంగా 50 లక్షలు. పనిచేస్తుందన్న ఆధారం గట్టిగా ఉన్నంత మాత్రాన డబ్బు ప్రశ్న తీరిపోదు.

క్లెయిముల్లో కనబడేది, కనబడనిది

రెండో ప్రశ్న, మన దగ్గర ఎలా అమలవుతోందన్నది. దానికి గర్భసంచి ఆపరేషన్‌ను మించిన ఉదాహరణ తెలుగు నేల మీద లేదు. తగిన కారణం ఉంటే ఆ ఆపరేషన్ పనిచేస్తుంది, అందులో వివాదం లేదు. కానీ 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8 శాతం తేలారు. మన స్త్రీల శరీరాలు మూడింతల రోగగ్రస్తమైనవేమీ కావు కదా.

దీనికంతటికీ ఆరోగ్యశ్రీయే కారణమనడం న్యాయం కాదు. పథకం రాకముందు నుంచీ, అప్పులు చేసి కూడా ఈ ఆపరేషన్లు చేయించుకుంటున్నారు. కాకపోతే పథకంలో ప్యాకేజీగా ఉన్నప్పుడు ప్రతి అనవసరపు ఆపరేషన్‌కూ ప్రభుత్వమే బిల్లు కట్టినట్టయింది. విమర్శలు ముదిరాక దాన్ని ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రుల నుంచి తప్పించి ప్రభుత్వ ఆస్పత్రులకు పరిమితం చేశారు.

ఇక్కడ మూడు రకాల ఆధారాలు కలిశాయి. ఏ ఆస్పత్రిలో, ఏ వయసువాళ్లకు, ఎన్ని జరుగుతున్నాయో క్లెయిములు చూపిస్తాయి. సొంత డబ్బుతో చేయించుకున్నవి వాటిలో కనబడవు, అవి సర్వేలోనే దొరుకుతాయి. ఎందుకు చేయించుకుంటున్నారన్నది రెండింటిలోనూ లేదు. తెల్లబట్ట అవుతోందనో నెలసరి ఎక్కువవుతోందనో వెళితే క్యాన్సర్ అవుతుందని భయపెట్టారనీ, పిల్లలు పుట్టేశాక ఆ సంచితో పనేముందన్నారనీ, నెలనెలా కూలి పోగొట్టుకోలేక ఒప్పుకున్నామనీ ఆడవాళ్లు చెబితే తప్ప తెలియదు. ఆ మాటలు విన్నవాళ్లకు అర్థమవుతుంది, ప్యాకేజీ తీసేయడం సగం పనేనని. ఊరి దగ్గర స్త్రీవ్యాధులకు మామూలు వైద్యం దొరకడం మిగతా సగం.

క్లెయిములకు ఇంకో పరిమితి ఉంది. చికిత్సకు ముందస్తు అనుమతి (ప్రీ ఆథరైజేషన్) ఎప్పుడు వచ్చింది, ఎంత చెల్లించారు అన్నవి వాటిలో ఉంటాయి. ఆర్నెల్ల తర్వాత రోగి లేచి తిరుగుతున్నాడా అన్నది ఉండదు. అంతెందుకు, చికిత్సకు నిజంగా ఆస్పత్రికి ఎంత ఖర్చయిందో కూడా ఉండదు. చండీగఢ్ పీజీఐ నాయకత్వంలో దేశంలోని ఆస్పత్రుల ఖర్చుల మీద జరిగిన అధ్యయనం ఈ లోటును కొంత పూడ్చింది. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీ ధరలు సవరించేటప్పుడు ఆ లెక్కలను వాడుకున్నారు. ధర మరీ తక్కువైతే ఆస్పత్రి రోగిని వెనక్కి పంపుతుంది, మరీ ఎక్కువైతే అవసరం లేనివాళ్లకూ కత్తి పెడుతుంది. కాబట్టి ఖర్చు లెక్క కూడా వైద్య ఆధారమే.

లెక్క ఒక్కటే చాలదు

మూడో ప్రశ్న డబ్బుకు తగ్గ ఫలితం. పూర్తి ఆరోగ్యంతో గడిపే ఒక ఏడాదిని కొలమానంగా పెట్టుకుని, అలాంటి ఏడాది ఒకటి సంపాదించడానికి ఎంతవుతుందో లెక్కగడతారు. బ్రిటన్‌లో నైస్ ఏళ్ల తరబడి 20 వేల నుంచి 30 వేల పౌండ్లను హద్దుగా పాటించింది. థాయిలాండ్‌లో హద్దు 1,60,000 బాత్.

ఈ లెక్కను ఒంటరిగా వదిలేస్తే ఏం చేస్తుందో 1990లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం చూపింది. పేదల వైద్యపథకానికి చికిత్సలన్నిటినీ ఖర్చు, ఫలితాల నిష్పత్తితో వరుసపెడితే, పంటికి తొడుగు వేయడం అపెండిసైటిస్ ఆపరేషన్ కంటే పైన వచ్చింది. తొడుగు చవక, చాలామందికి పనికొస్తుంది. అపెండిక్స్ పగిలితే మనిషి చనిపోతాడన్న సంగతి ఆ భాగహారంలో కొట్టుకుపోయింది. ఆ జాబితాను పక్కనపడేసి, ఊరూరా సభలు పెట్టి జనం దేనికి విలువిస్తారో విని మళ్లీ రాసుకున్నారు.

థాయిలాండ్ డయాలసిస్ విషయంలో ఇంకా లోతుగా వెళ్లింది. లెక్క ప్రకారం ఏ రకం డయాలసిస్ అయినా హద్దు దాటుతుంది. వద్దనాలి. కానీ డయాలసిస్ కోసం కుటుంబాలు ఆస్తులు అమ్ముకుని దివాలా తీస్తున్నాయనీ, ప్రభుత్వోద్యోగులకు ఇస్తూ పేదలకు కాదనడం అన్యాయమనీ వేరే ఆధారాలు చెప్పాయి. 2008లో ప్రభుత్వం డయాలసిస్ ఇస్తామంది. అయితే మొదట పొట్టలోకి ద్రవం ఎక్కించి ఇంట్లోనే చేసుకునే పెరిటోనియల్ పద్ధతే అన్న షరతు పెట్టింది. ద్రవం సంచులు పోస్టులో ఇంటికే వచ్చేవి. 2022లో రోగి ఇష్టమే చెల్లుతుందని ఆ షరతు ఎత్తేస్తే, జనం యంత్రం మీద చేసే హిమోడయాలసిస్ వైపు వెల్లువలా మళ్లారు. కేంద్రాలు చాలలేదు, ఖర్చు పెరిగింది, మరణాలూ పెరిగాయి. 2025లో తిరిగి పాత పద్ధతికి వచ్చారు. నిర్ణయం తర్వాత కూడా లెక్కలు రాస్తూ ఉండబట్టే ఆ మళ్లింపు సాధ్యమైంది.

మన ఉద్దానానికి ఈ కథ దగ్గరిది. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస చుట్టుపక్కల జీడితోటల, కొబ్బరితోటల ఊళ్లలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. డయాలసిస్ పథకంలో ఉంది, రోగులకు నెలకు పది వేల పింఛనూ ఉంది, పలాసలో 2023లో కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. ట్రస్టు రికార్డులో ఇది చెల్లించిన సెషన్ల సంఖ్య. రోగి వైపు నుంచి చూస్తే వారానికి రెండు మూడుసార్లు ప్రయాణం, యంత్రం దగ్గర నాలుగేసి గంటలు, తోడొచ్చిన మనిషి కూలి కూడా గల్లంతు. ఇంట్లో చేసుకునే పద్ధతి అక్కడ కుదురుతుందా అంటే, శుభ్రమైన నీళ్లు, ప్రత్యేకంగా ఒక గది, చేయి తిరిగిన మనిషి ఇంట్లో ఉన్నారా అని చూడాలి. అది ఏ వైద్యపత్రికలోనూ ఉండదు. ఆ ఇళ్లకు వెళ్లి అడగాలి. నాలుగో ప్రశ్నకు ఆధారం అదే.

రోగి మాట ఎంత దూరం తీసుకోవచ్చో నైస్‌కే ఒకసారి తెలిసొచ్చింది. వయసుతో వచ్చే మాక్యులా జబ్బుకు రానిబిజుమాబ్ ఇంజెక్షన్‌ను ఒక కన్ను పోయాక రెండో కంటికి మాత్రమే ఇవ్వాలని 2007లో ముసాయిదా వచ్చింది. లెక్కలో తప్పు లేదు. ఒక కన్ను పోగొట్టుకుని రండి అని మనిషికి చెప్పడం ఎలా ఉంటుందో రోగులు, వాళ్ల సంఘాలు గట్టిగా చెప్పాక 2008లో ఆ షరతు పోయింది. పద్నాలుగు ఇంజెక్షన్లు దాటితే ఖర్చు కంపెనీదే అన్న ఒప్పందం దానికి తోడైంది. ఆపైన 2011లో అమెరికా ప్రభుత్వ ఖర్చుతో జరిగిన పరీక్ష, ఎన్నో రెట్లు చవకైన బెవాసిజుమాబ్ కూడా చూపును అంతే కాపాడుతుందని తేల్చింది. రోగుల సాక్ష్యం షరతును మార్చింది, పరీక్ష ధర ప్రశ్నను మార్చింది. ఒకదాని పని ఇంకొకటి చేయలేదు.

వైవిధ్యం పేరుతో సడలింపు

రకరకాల ఆధారాలు తీసుకోవాలనే వాదనకు ఒక గట్టి ఆక్షేపణ ఉంది. తలుపు తెరిస్తే బలహీనమైనవన్నీ లోపలికి వస్తాయని. ఇది ఊహ కాదు. నైస్ కాదన్న క్యాన్సర్ మందులకు ఇంగ్లండ్ ప్రభుత్వం విడిగా ఒక నిధి పెట్టి 2010 నుంచి 2016 దాకా 127 కోట్ల పౌండ్లు ఖర్చుచేసింది. తర్వాత లెక్క చూస్తే, 47 రకాల వాడకాల్లో ఆయుష్షు పెంచుతాయని ఆధారమున్నవి 18 మాత్రమే. అవి పెంచింది కూడా సగటున మూడు నెలలు. వాడిన రోగులు ఏమయ్యారన్న సమాచారం సరిగా పోగుచేయకపోవడం ఇంకా పెద్ద నష్టం. 2016లో పద్ధతి మార్చారు. ఇప్పుడు గడువు పెట్టి, ఏ సమాచారం సేకరించాలో ముందే రాసుకుని, గడువు తీరాక నైస్ మళ్లీ చూస్తుంది.

అల్జీమర్స్ మందు అడుకానుమాబ్ కూడా ఇదే చెబుతుంది. 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్‌ను తగ్గిస్తోందన్న కారణంతో అనుమతించింది. ఏడాదికి 56 వేల డాలర్లని కంపెనీ ధర పెట్టింది. రోగికి మరుపు తగ్గుతుందా అన్నది తేలలేదు. మెడికేర్ 2022లో పరీక్షల్లో ఉన్నవాళ్లకు మాత్రమే చెల్లిస్తామంది. అమ్మడానికి అనుమతి వేరు, అందరి సొమ్ముతో కొనడం వేరు.

కాబట్టి ఆధారాల వైవిధ్యం అంటే ఏది దొరికితే అది చాలు అని కాదు. రోగి అనుభవంతో మందు పనితనం తేల్చకూడదు. విదేశీ పరీక్షతో మన ఆస్పత్రి తీరు తేల్చకూడదు. ఖర్చు లెక్కతో న్యాయం తేల్చకూడదు.

మన దగ్గర చేయదగినవి

పనిముట్లు మనకు లేకపోలేదు. కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం 2017లో వైద్య సాంకేతికతలను మదింపు చేసే సంస్థను పెట్టింది. కంటిలోపలి లెన్సుల నుంచి సురక్షిత సిరంజిల దాకా అది చూసింది. నొప్పి, నడక, ఆందోళన వంటి ఆరోగ్యస్థితులకు మన జనం ఇచ్చే విలువలను చండీగఢ్ పీజీఐ బృందం లెక్కగట్టింది, ఇక పరాయి దేశపు విలువలు అరువు తెచ్చుకోనక్కర్లేదు. వీటన్నిటి కంటే పెద్ద నిధి 2007 నుంచి ఆరోగ్యశ్రీ ట్రస్టుల్లో పోగుపడిన క్లెయిములు. దేశంలో ఇంత పాత, ఇంత పెద్ద ప్రభుత్వ బీమా రికార్డు ఉన్న రాష్ట్రాలు తక్కువ. ప్రతి నెట్‌వర్క్ ఆస్పత్రిలో రోగులకు సాయపడే ఒక ఆరోగ్యమిత్ర కూడా ఉన్నారు.

వీటితో చేయగలిగినవి మూడున్నాయి. కొత్త చికిత్సను జాబితాలో చేర్చినప్పుడూ, తీసేసినప్పుడూ, అడిగినా చేర్చనప్పుడూ కారణాన్ని, చూసిన ఆధారాన్ని తెలుగులో ప్రచురించడం ఒకటి. ఖరీదైన చికిత్సల్లో ఆధారం అరకొరగా ఉన్నవాటిని గడువుతో, ఎంపికచేసిన ఆస్పత్రుల్లోనే చేర్చి, ఆర్నెల్లకూ ఏడాదికీ రోగి పరిస్థితిని ఆరోగ్యమిత్ర ద్వారా ఫోనులో కనుక్కుని రాసిపెట్టడం రెండోది. గడువు తీరాక ఫలితం లేదంటే తీసేసే ధైర్యం మూడోది, ఇదే కష్టమైనది. జాబితాలో చేరిన ప్రతి ప్యాకేజీకీ దాన్ని కాపాడుకునే ఆస్పత్రులు, కంపెనీలు ఉంటాయి. తీసేస్తే పేదల వైద్యం కోసేశారని ప్రతిపక్షం అంటుంది, ఏ పార్టీ అధికారంలో ఉన్నా. చేర్చిన రోజే గడువు, షరతు అందరికీ తెలిసి ఉంటే ఆ మాట అనడం అంత తేలిక కాదు. అందుకే మొదటిది జరిగితేనే మూడోది సాధ్యం. మొదటిదానికి చట్టసభ కూడా అక్కర్లేదు, ఒక జీవో చాలు.